ఆ ఇంట్లో గొంతెత్తి చదివిన సాయంత్రం

దేవునికి స్తోత్రం. నాకు నోరిచ్చి, ఆ నోట తన వాక్యం ఉంచిన దేవునికి ప్రభువైన యేసు నామంలో మహిమ కలుగును గాక. మనుషులు ఏ తలుపు మూసినా ఆయన చెవి మూసుకోదు. ఈ మాట ముందు చెప్పి తర్వాతే మిగతాది చెబుతాను, ఎందుకంటే మిగతాది ఇంత మెత్తగా ఉండదు.

పరిశుద్ధ దేశం వెళ్లి వచ్చావు కదా, సాక్ష్యం రాయి అని చంద్రపూర్ లాల్‌పేట్‌లో మా సంఘం వాళ్లు అడిగారు. వాళ్లకు కావలసింది ఒలీవ చెట్ల సంగతి, ప్రభువు నడిచిన బాటల సంగతి. నేను వెళ్లింది ఇజ్రాయెల్‌కే. కాని వెళ్లింది ముసలివాళ్లను చూసుకునే పనికి; అక్కడ నేను చూసింది మూడో అంతస్తులో ఒక ఫ్లాటు, అందులో ఒక ముసలామె, ఆమె పక్కబట్టలు, ఆమె కోపం. కాబట్టి అవే రాస్తాను.

నేను బయల్దేరిన రోజు చంద్రపూర్ స్టేషన్‌కు సంఘం ఆడవాళ్లంతా వచ్చారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, "ఏమే, గా యొర్దాను నీళ్లు ఓ సీసాల పట్టుకరా. మోకాళ్లకు రాసుకుంట" అంది.

"నీకేందే అదృష్టం! మేం పాటల్ల పాడుడే. నువ్వైతే గా నేలను కాళ్లతోని తొక్కుతవ్" అంది ఇంకొకామె.

మా అమ్మ వాళ్లను పక్కకు నెట్టింది. "నీళ్లు గీళ్లు తర్వాత. పిల్ల తిన్నదా లేదా, గది అడుగుర్రి ముందు."

నా చదువు సంగతి ఇక్కడే చెప్పాలి. మా నాన్న తెలంగాణ నుంచి మహారాష్ట్రలోని ఈ ఊరి బొగ్గు గనిలో పనికి వచ్చాడు. నేను చదివింది మరాఠీ బడి. తెలుగు అక్షరం నాకు నేర్పింది సంఘమే. ఆదివారం బడిలో ఒక పెద్దమ్మ పుస్తకంలో వరుస మీద వేలు పెట్టేది, మేమంతా ఒక్క గొంతుతో చదివేవాళ్లం. నాకు తెలుగు చదవడం అలాగే వచ్చింది, గొంతుతోనే. మరాఠీ అయితే కళ్లతో చదువుతాను. తెలుగు మాత్రం గొంతు ఆపితే అక్షరం దగ్గరే ఆగిపోతాను. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు. కాని ఇది నవ్వుకునే సంగతి కాని ఇల్లు ఒకటి ఉందని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

విమానాశ్రయం నుంచి నన్ను ముసలామె కూతురు తీసుకెళ్లింది. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు, తల్లికి కొంచెం వచ్చు, నాకు పని నడిచేంత వచ్చు. లావాటి గోడలు, ఇనుప కిటికీ ఉన్న ఒక చిన్న గది చూపించి, బాంబులు పడితే అందరూ దాక్కునే గది ఇదే, నీ మంచం ఇక్కడే అంది. ముసలామె వాకర్ పట్టుకుని గడపలో నిలబడింది. నా ముఖం చూడలేదు. నా మెడలోని సిలువ చూసి, తమ భాషలో ఏదో అంది. "అది బట్టల లోపల పెట్టుకో" అంది కూతురు.

మరునాడు తెల్లవారగానే మోకరించి నా తెలుగు బైబిల్లో వాక్యం తీశాను. రెండు వరుసలు చదివి యేసు పేరు పలికానో లేదో, ఓరగా తెరిచి ఉన్న తలుపుకు వాకర్ దడదడా తగిలింది.

"ఈ ఇంట్లో ఆ పేరు వద్దు! నీ నోరు వద్దు!"

ఆ రోజే కూతురు ఫోన్ చేసి సంగతి తేల్చి చెప్పింది. "ఒక నెల చూస్తాం. అమ్మ వద్దంటే నిన్ను పనికి పంపిన ఏజెన్సీకే అప్పజెప్పేస్తాను. అమ్మ చిన్నప్పుడు యూరప్‌లో యూదులని వాళ్ల ఇంటి తలుపు పగలగొట్టి, వాళ్ల నాన్నను ఈడ్చుకెళ్లినవాళ్లు ఆ పేరు చెప్పుకునే వచ్చారు. నువ్వు ఆమె ముందు ఆ పేరు ఎత్తకూడదు."

"ఆ వచ్చినవాళ్లు నేను కాదు కదా."

"అది అమ్మకు చెప్పు."

"మీరు చెప్పండి."

"నేను పుట్టినప్పటి నుంచి ఎన్నో చెబుతున్నాను. ఒక్కటీ వినలేదు."

నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే సంఘానికి నచ్చుతుంది కాని అబద్ధమవుతుంది. ఆ మనుషులు చేసిన పాపానికి నా నోరు ఎందుకు కట్టేయాలి అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

దుప్పటి కప్పుకుని పెదవులతో చదవబోయాను. రాలేదు. అక్షరాలు కనిపించేవి, మాటలయ్యేవి కావు. అన్నం లేకుండా ఉండగలను కాని వాక్యం లేకుండా తెల్లవారితే ఆ రోజు నాకు తెల్లవారినట్టే ఉండదు. అమ్మకు ఫోన్ చేస్తే, "గామెకు చెప్పరాదే, మా పిల్లకు చదువుడు గట్లనే వస్తదని" అంది.

"చెప్పినా సమజ్ చేసుకోదమ్మా."

"మరి వాపస్ వచ్చెయ్."

"వస్తే సంఘపోళ్లు ఏమంటరు?"

"ఏమంటరు, యొర్దాను నీళ్లేవే అంటరు."

ముసలామె నన్ను పేరుతో పిలిచేది కాదు. చప్పట్లు కొట్టేది. నేను తుడిచిన బల్ల మీద మళ్లీ వేలు రాసి చూసుకునేది. రెండూ కలవకూడదని వాళ్ల మత నియమం కాబట్టి, ఆ ఇంట్లో పాలకు వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. ఒకసారి పాల చెంచా మాంసం గిన్నెలో పెట్టానని, నా కళ్లలోకి చూస్తూ ఆ చెంచాను చెత్తబుట్టలో పడేసింది. నేనూ తక్కువ తినలేదు. చంద్రపూర్ ఆస్పత్రిలో రోగులను చూసుకున్నదాన్ని కాబట్టి ఒంటికి నీళ్లు పోస్తే, పక్క మారిస్తే నా చేతుల్లో మోటుతనం లేదు. కాని ఆమెతో ఒక్క మాట ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. ఆమె నవ్వితే నేను నవ్వకూడదని నిర్ణయించుకున్నాను. ఆ అవసరం రాలేదు, ఆమె నవ్వనే లేదు.

శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చీకటిపడి నక్షత్రాలు పొడిచేదాకా వాళ్లకు విశ్రాంతి దినం. ఆ వేళల్లో ముసలామె స్విచ్ ముట్టదు, పొయ్యి ముట్టదు, ఫోన్ ముట్టదు. ఇంకొకరిని వెయ్యమని అడగనూ కూడదు. కావలసిన లైట్లు ముందే వేసి ఉంచుతుంది, వాటిని ముట్టుకోవద్దని కూతురు నాకు చెప్పే ఉంది. కాని మాది బొగ్గు కాల్చి కరెంటు పుట్టించే ఊరు. పొగా మాకే వస్తుంది, బిల్లూ మాకే వస్తుంది. మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే మా అమ్మ ఊరుకునేది కాదు. నెల నిండబోతుండగా ఒక శుక్రవారం పడుకోబోతూ హాల్లో లైటు ఆర్పేశాను. చెయ్యి దానంతట అదే వెళ్లింది.

శనివారమంతా వాన. మధ్యాహ్నం దాటేసరికే హాలు చీకటైంది. ముసలామె కుర్చీలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఇక్కడ చీకటిగా ఉంది" అంది గోడతో.

"అవును, చీకటిగానే ఉంది" అన్నాను.

"లైటు ఉంటే చదువుకునేదాన్ని."

"ఉంటే చదువుకునేవారు."

అప్పుడు నా వైపు తిరిగింది. అడగలేదు. అడగదని నాకు తెలుసు.

"వెయ్యమని అడగండి, వేస్తాను."

"అడగకూడదు."

"అయితే నేనూ వెయ్యకూడదు. ఆ రోజు పనివాళ్లకు విశ్రాంతే, పశువులకు విశ్రాంతే, ఇంట్లో ఉన్న పరదేశికి కూడా విశ్రాంతే. వాక్యంలో ఉంది."

"నీకెవరు చెప్పారు?"

"చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు."

"అది నీది కాదు."

"చదివినవాళ్లది."

ఆమె మళ్లీ గోడ వైపు తిరిగింది. అప్పుడు నాకు తట్టింది. ఈమె ఇప్పుడు ఫోన్ ముట్టదు. నక్షత్రాల వేళ దాకా కూతురిని పిలవడానికి వీల్లేదు. నా నోరు మూయడానికి ఈ ఇంట్లో ఎవరూ లేరు.

నా గదిలోంచి వాక్యం తెచ్చుకున్నాను. "ఇది మీ కోసం కాదు. నా కోసం వేసుకుంటున్నాను" అని లైటు వేశాను. ఆమె ఎదురుగా కూర్చుని చదివాను. లాల్‌పేట్ సంఘంలో బయట లారీలు పోతుంటే ఎంత గొంతుతో చదువుతామో అంత గొంతుతో. ఆ పేరు వచ్చిన చోట దాటవేయలేదు, తగ్గించలేదు.

వాకర్‌ను నేలకేసి కొట్టింది. "చాలు!" అంది. నేను ఆపలేదు. నెల నోరు కట్టుకున్నదాన్ని.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. పరాయి మనిషి తన కోసం వేసుకున్న వెలుగైతే వాళ్లకు దోషం లేదట; నేను నా కోసం వేసుకున్న లైటు కిందికి కుర్చీ జరుపుకుని తన పుస్తకం తెరిచింది. చదవడం మొదలుపెట్టింది. ఆమె కూడా గొంతుతోనే చదువుతుంది! ముందుకూ వెనక్కూ ఊగుతూ, వరుస మీద వేలు పెట్టి, మా ఆదివారం బడి పెద్దమ్మ లాగే. ఆమె గొంతు పెంచితే నేను పెంచాను. నేను పెంచితే ఆమె పెంచింది. పక్క ఫ్లాటు వాళ్లు గోడ కొట్టారు. ఇద్దరం ఆగలేదు. అంత కోపంతో నేనెప్పుడూ వాక్యం చదవలేదు, అంత ఆకలితోనూ చదవలేదు.

మబ్బుల్లో నక్షత్రాలు కనిపించవు కాబట్టి ఆమె గడియారం చూసుకుంది. ఆ వేళ కాగానే పుస్తకం మూసి, ముద్దు పెట్టుకుని, ఫోన్ అందుకుంది. చాలాసేపు మాట్లాడింది. నేను గదిలోకి వెళ్లి బ్యాగు సర్దుకున్నాను. సీసాలో నీళ్లయినా పట్టుకోలేదే, సంఘంలో ఏం చెప్పాలి అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే కూతురు వచ్చింది. సర్దిన బ్యాగు చూసింది.

"అమ్మకు నువ్వు నచ్చలేదు" అంది.

"తెలుసు."

"మొండిదానివి అంది. పొగరు అంది. ఇంతకుముందు ఉన్నామె రోజంతా ఫోన్ చూసుకునేది, ఇది చదువుతుంది అని కూడా అంది. పంపించమని మాత్రం అనలేదు." నా గది తలుపు మీద చెయ్యి వేసింది. "ఇక నుంచి ఇందులో తలుపు మూసుకుని చదువుకో. ఈ గోడలు బాంబులకు కట్టినవి. నీ గొంతుకు సరిపోతాయట."

నేను బ్యాగు విప్పాను. అప్పటి నుంచి ఆ బాంబుల గదిలో రోజూ పొద్దున గొంతెత్తి చదివాను. శుక్రవారం హాల్లో లైటు వేసి ఉంచడం ఆమె మానేసింది; శనివారం చీకటైతే "నా కోసం" అని నేను వేసేదాన్ని. ఆమె కుర్చీ జరుపుకునేది. ఒక్కసారీ కృతజ్ఞత చెప్పలేదు. చప్పట్లు కొట్టడం మానలేదు. నేనూ నవ్వలేదు.

ఇప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నాను, వచ్చే వారం తిరిగి వెళ్లాలి. ఆమె ఇక మంచం దిగడం లేదని, కళ్లు సరిగా కనిపించడం లేదని కూతురు కబురు పంపింది. గొంతుతో చదివే మనిషికి కళ్లు పోయి ఆ చదువు ఆగిపోవడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సహోదరులారా, సహోదరీలారా, ఇది చదివి కాగితం పక్కన పెట్టేయకండి. శత్రువు కోసం ప్రార్థించాలని మనకందరికీ తెలుసు. నేను రోజూ మోకరిస్తున్నాను, ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి నా నాలుక తిరగడం లేదు. అందుకని మీరున్న చోటే మీరు మొదలుపెట్టండి. ఆమె కళ్ల కోసం అడగండి. మనసులో కాదు, గొంతెత్తి అడగండి. మీ గొంతు వింటే నేనూ కలుస్తాను.