ఖాళీ క్యాను

మొఘల్‌పురాలోని మా జిమ్‌లో సాయంత్రం నాలుగింటి బ్యాచ్ ఆడవాళ్లది. లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పొద్దస్తమానం కూర్చుని పెంచుకున్న నడుమును తగ్గించుకుందామని నేను చేరాను. మూడు నెలలైంది. ఇప్పటిదాకా తగ్గింది నా ఉత్సాహం ఒక్కటే.

మా బ్యాచ్‌లో నిజంగా బరువులు ఎత్తేది డెయిరీ అమ్మ. యాభై రెండేళ్లుంటాయి. కొడుకు పాత ట్రాక్ ప్యాంటు మీద పొడుగు కుర్తా వేసుకుని వస్తుంది. యాకుత్‌పురా స్టేషన్ వెనక 'మొగులయ్య డెయిరీ' వాళ్లదే. బోర్డు మీద పేరు భర్తది. బర్రెలు, పేడ, పాల క్యాన్లు మాత్రం ఈమెవి.

నేల మీది బరువును తొడల దాకా ఎత్తమంటే డెబ్బై కిలోలు ఎత్తి, అలాగే నిలబడి పక్కవాళ్లతో ముచ్చట పెట్టేది. అది చూసే మా కోచ్ భాగ్యశ్రీ ఆమెతో పవర్ క్లీన్ మొదలుపెట్టించింది. రాడ్డును నేల మీంచి లేపి, తుంటితో ఒక్క ఊపు ఇచ్చి, రెప్పపాటులో భుజాల మీదికి తెచ్చుకోవాలి. శుక్రవారంలోగా అలా ముప్పై కిలోలు ఎత్తినవాళ్ల పేర్లు బరువులెత్తే పోటీకి పంపుతానంది.

"నా పేరు ఎక్కాలె బిడ్డా," అంది డెయిరీ అమ్మ. "ముప్పై ఏండ్ల సంది మోస్తున్న. ఒక్కపాలి గూడ ఎవ్వలు నా పేరు రాయలే." మర్నాటికల్లా పాలు పోయించుకునే వాళ్లందరికీ ఆ కబురు చెప్పేసింది కూడా.

కానీ రాడ్డు భుజం ఎక్కితే కదా! ఆమె దాన్ని నెమ్మదిగా, బుజ్జగిస్తున్నట్టు ఎత్తేది. అది బొడ్డు దాకా వచ్చి ఆగిపోయేది.

"ఊపియ్యమ్మా! ఎగురు!" అని భాగ్యశ్రీ గొంతు చించుకునేది.

"ఊపుతె ఒలకదా?"

"ఏం ఒలుకుతది? ఇనుమమ్మా అది!"

"నాకు తెలుసు బిడ్డా. చేతులకు తెల్వది."

నలభై లీటర్ల నిండు క్యానును చుక్క పోకుండా లేపడం నేర్చిన చేతులవి. వాటిని మందలించి ఏం లాభం?

శుక్రవారం పొద్దున పాలకు పోతే, బయటి పాలు తేవడానికి పోయే ట్రాలీ ఆటో డెయిరీ ముందు ఆగి ఉంది. పైన మొగులయ్య నిలబడ్డాడు. ఆమె కింద నుంచి ఖాళీ క్యాన్లు అందిస్తోంది. అందించడమా అది! వంగడం, మోకాలితో ఒక్క తోపు, క్యాను ఎగిరి ఛాతీ దగ్గరికి రావడం, అక్కణ్నుంచి ఆయన చేతిలో పడడం. "జర మెల్లగనే, నేను పడ్త!" అని ఆయన లొల్లి. నాకు నవ్వొచ్చింది. నా మొద్దుబుర్రకు అంతకుమించి ఏమీ తట్టలేదు.

సాయంత్రం మొదటిసారి రాడ్డు బొడ్డు దగ్గరే ఆగింది. రెండోసారీ అంతే. మూడోదే ఆఖరి అవకాశం. ఆమె రాడ్డు ముందు నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. ఎత్తితే బాగుండు దేవుడా అనుకున్నాను. నా కోసం కూడా నేనెప్పుడూ అంత గట్టిగా మొక్కుకోలేదు.

"ఇది ఖాళీ క్యాను," అంది తనలో తాను, పైకే. "ఇందుల పాలు లేవు."

వంగింది. మోకాళ్లు, తుంటి, ఒక్క తోపు. రాడ్డు ఎగిరి భుజాల మీద కూర్చుంది. అలవాటు కొద్దీ, అందుకోవడానికి పైన మొగులయ్య ఉన్నాడేమోనని తలెత్తి చూసింది కూడా.

మేం వేసిన కేకలకు కింది దుకాణం భాయ్ మెట్ల దగ్గరికొచ్చి, "క్యా హువా బాజీ?" అని కంగారుగా అడిగాడు.

భాగ్యశ్రీ ఫారం తీసింది. పెన్ను పట్టుకుని ఆగిపోయింది. రిజిస్టర్‌లో కూడా 'డెయిరీ అమ్మ' అనే ఉంది మరి.

"అమ్మా... నీ పేరేంది?"

మూడు నెలలు పక్కపక్కనే చెమటోడ్చాం, మాలో ఒక్కరమూ అడగలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. చేతులు కుర్తాకు తుడుచుకుని ఫారం మీదికి వంగింది.

"రాజమణి," అంది. "పెద్దగ రాయి బిడ్డా. దూరంకెళ్లి గూడ కనవడాలె."