రెండు తెరల మీద అమ్మ ఛాతీ

తిరుపతిలో ఒక చిన్న స్కానింగ్ సెంటర్‌లో నాది రిపోర్టులు టైపు చేసే పని. డాక్టరుగారు ఎక్స్‌రే చూస్తూ చెబుతారు, నేను కొడతాను. ఇద్దరికీ ఒకటే మానిటర్. బొమ్మ మూస్తేనే రిపోర్టు తెరుచుకునేది. ఆ మచ్చ కుడివైపా, ఎడమవైపా అని అనుమానమొస్తే మళ్లీ మొదటికి. ఇంకొక మానిటర్ కొనమని డాక్టరుగారు పోరితే, "ఒకటి సాలదా సార్?" అని ఓనరు నాన్చాడు. చివరికి ఆ పోరు పడలేక తెచ్చి పెట్టాడు.

అబ్బ, ఏం సుఖం! ఒక తెర మీద బొమ్మ, పక్క తెర మీద నా రాత. సాయంత్రం దాకా సాగే పని భోజనాల వేళకే అయిపోతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

కానీ సంతోషపడే స్థితిలో లేను. అంతకుముందే, దగ్గు తగ్గడం లేదని వడమాలపేట నుంచి వచ్చిన అమ్మకు మా దగ్గరే ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తి పైభాగాన నీడ ఉందన్నారు డాక్టరుగారు. ఆ మాట నా చేతులతోనే టైపు చేశాను. మందులు వాడి మళ్లీ రమ్మన్నారు, అప్పటికీ నీడ పోకపోతే పెద్దాసుపత్రికే అన్నారు. క్షయో, అంతకన్నా చెడ్డదో అన్న భయంతో నాకు ముద్ద దిగేది కాదు.

మందులకు దగ్గు తగ్గింది. రెండో ఎక్స్‌రేకు వచ్చిన అమ్మను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. నడుము దాటే జడ లేదు. నున్నటి గుండు, దాని మీద గంధం.

"ఏం మా ఇది? నాకొక మాట చెప్పద్దా?"

"చెప్తే నువ్వు పోనిస్తావా? స్వామికి మొక్కుకున్న్యా, కొండకు పొయ్యి ఇచ్చేసి వచ్చినా."

గుండుకూ ఊపిరితిత్తికీ ఏం సంబంధమని అందరి ముందే కసురుకున్నాను.

డాక్టరుగారు పాత ఎక్స్‌రే ఒక తెర మీద, కొత్తది రెండో తెర మీద పెట్టారు. పాతదాంట్లో నీడ ఉంది. కొత్తదాంట్లో లేదు. ఆయన ముందుకు వంగి పాత నీడ వెంబడి వేలు జరిపారు. అది ఊపిరితిత్తి దగ్గర ఆగలేదు. భుజం మీదుగా మెడ దాకా పోయింది, పాయలు అల్లినట్టు గీతలతో సహా.

"ఆ రోజు జడ ముందుకేసుకున్నావామ్మా?" అని అమ్మను అడిగారు.

"శనివారం కదా సార్, తలకు పోసుకోని తడిజడతోనే బస్సెక్కినా. వీపంతా తడుస్తాదని ముందుకేసుకున్న్యా."

"ఈ నీడ జడదేనమ్మా. పక్కపక్కన పెడితే గాని నాకు తట్టలేదు."

అమ్మ రెండు తెరలనూ మార్చి మార్చి చూసింది. గుండు తడుముకుని నవ్వింది.

"అయితే స్వామి నీడను జడతోనే తీసుకున్న్యాడు!"

నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. డాక్టరుగారు రిపోర్టు చెప్పడం మొదలుపెట్టారు. 'ఊపిరితిత్తులలో ఏ దోషమూ లేదు' అన్న దగ్గర నాకు ఏడుపు ఆగలేదు, వేళ్లు ఆడలేదు. ఆయన కీబోర్డు తనవైపు లాక్కుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ ఆ వాక్యం తానే కొట్టారు.