అద్దెకున్న తమ్ముడు

వీధిలో పెద్దా చిన్నా అందరికీ ఆమె అక్కే. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా చొక్కా పట్టుకొచ్చి, "అక్కా, చంకల దగ్గర పట్టేస్తోంది, కాస్త చూడు" అనేవారు. కుట్టుమిషను తొక్కి తొక్కి మూడు గదుల ఇల్లు కట్టుకుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదర్లేదు" అని నవ్వేసేది. ఇప్పుడా నవ్వు లేదు. ఎలా పోయిందో చెబుతాను, వినండి.

ఆమె తమ్ముడు ఒక కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసేవాడు. కార్ఖానా మూతపడింది. పెళ్లాం పుట్టింటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. వీడు ఒక సంచీతో వచ్చి అక్క గుమ్మంలో నిలబడ్డాడు. అక్క ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. వీధివైపు గది ఖాళీ చేసి, మంచం వేసి, కాళ్లు కడుక్కోమంది. కానీ యాభై దాటిన మగవాడు అక్క పెట్టిన కూడు తినాలంటే ముద్ద గొంతు దిగుతుందా? తలెత్తకుండా తినేవాడు. మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. వీధి మొహం చూడటం మానేశాడు.

ఆ రోజుల్లోనే ఇంటిపన్ను వెయ్యడానికి మునిసిపాలిటీ నుంచి పన్నులాయన ఇళ్లు కొలవడానికి వచ్చాడు. టేపు పరిచి గది గదీ కొలిచాడు. కప్పు స్లాబా రేకులా చూశాడు, కట్టి ఎన్నేళ్లయిందో అడిగాడు. చివరికి వీధివైపు గది ముందు ఆగాడు.

"ఇందులో ఎవరుంటారమ్మా?"

తమ్ముడు గోడవైపు తిరిగిపోయాడు. వాడి చెవులు ఎర్రబడటం అక్క చూసింది. ఆమె ప్రాణం ఉసూరుమంది.

"మా తమ్ముడే సార్. ఊరికే ఉండటానికి ఒప్పుకోలేదు. అద్దె ఇస్తున్నాడు."

"ఎంత?"

ఇచ్చేది ఎటూ లేదు, తక్కువ చెప్పడం దేనికని, వీధి చివర కొత్త మేడలో గదులకు పలికే అద్దె చెప్పేసింది. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. ఖర్చులేని మాటతో తమ్ముడి పరువు నిలబెట్టాననుకుంది పిచ్చిది.

నిజానికి నిలబడింది కూడా. మర్నాడు వాడు గడ్డం గీసుకున్నాడు. టీకొట్టు దాకా వెళ్లి, అక్కకు అద్దె కడుతూనే ఉంటున్నానని నలుగురిలో చెప్పుకున్నాడు. కంచం ముందు కూర్చుని, "ఇంకాస్త పెట్టక్కా" అని అడిగాడు. అది విని అక్క వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

పన్ను బిల్లు వచ్చింది. నిరుటి దానికి మూడింతలు. పక్కింటివాళ్లది పొరపాటున తన గుమ్మంలో వేశారేమోనని అక్క తిప్పి తిప్పి చూసి, ఆఫీసుకు పరుగెత్తింది. పన్నులాయన చెడ్డవాడేం కాదు, ఓపిగ్గానే చెప్పాడు.

"ఇంటికి ఎంత అద్దె వస్తుందో దాన్నిబట్టి పన్ను వేస్తామమ్మా. ఒక గదికి అంత వస్తుందని మీరే చెప్పారు. మిగతా గదులకూ అదే లెక్క కట్టాం. సొంతవాళ్లే ఉంటే రాయితీ ఉంటుంది. మీరు అద్దెకిచ్చారు, అది పోయింది."

"అబద్ధం చెప్పాను సార్."

"బిల్లు వచ్చాక అందరూ అదే అంటారమ్మా. నేనొచ్చి అతన్నే అడుగుతాను. ఇవ్వట్లేదంటే మార్చేస్తాను."

కట్టకపోతే ఏమవుతుందని అడిగింది. బాకీ పడితే ఇల్లు వేలానికి పెడతారని ఆయన మామూలుగా చెప్పాడు. అక్కకు చూపు మందగించింది. దారం ఎక్కించడానికే కళ్లు నీళ్లు కారుతున్నాయి. అందరూ రెడీమేడ్ బట్టలకు ఎగబడుతుంటే కుట్టుపని అంతంతమాత్రంగా ఉంది. మూడింతలు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇంటికి రాగానే తమ్ముడితో ఉన్నమాట చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. ఎంత మంచిదైనా ఆమె చేసిన తప్పు అదే. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా వాడు, "పని దొరకనీ అక్కా, పాత నెలలతో సహా కట్టేస్తా" అనేవాడు. "కడుదువుగానిలే, ముందు తిను" అని ఊరుకునేది. ఇలా రేపు రేపంటుండగానే పన్నులాయన వచ్చేశాడు.

తమ్ముడే ఎదురెళ్లి కుర్చీ వేశాడు.

"మీరు ఈ గదికి అద్దె ఇస్తున్నారా?" అని ఆయన సూటిగా అడిగాడు.

తమ్ముడు అక్కవైపు చూశాడు. అక్క ఆడిన మాట తను నిలబెట్టాలనుకున్నాడు.

"నెలనెలా ఇస్తున్నానండీ. ఒక్క నెల కూడా ఆపలేదు."

పన్నులాయన ఇక చేసేదేముందన్నట్టు అక్కవైపు తిరిగాడు. ఆమె గబగబా ముందుకొచ్చింది.

"లేదు సార్. ఇవ్వట్లేదు. ఒక్కసారీ ఇవ్వలేదు. వాడి చేతిలో చిల్లిగవ్వ లేదు. తిండీ బట్టా అన్నీ నావే."

మొదటి మాటతో ఆగితే సరిపోయేది. భయంతో నోరు జారి, ఆగలేకపోయింది. పన్నులాయన రాసుకున్నది పైకి చదివాడు. 'ఇంటి యజమాని మీద ఆధారపడిన తమ్ముడు, అద్దె లేదు.' కింద సంతకం పెట్టమన్నాడు. తమ్ముడు పెట్టాడు.

ఆయన వెళ్లాక వాడు కుర్చీ తీసి లోపల పెట్టాడు.

"నాకు ముందే చెప్పొచ్చుగా అక్కా," అన్నాడు.

"ఇల్లు పోతుందన్నార్రా."

"అయ్యో, ఇల్లు పోగొట్టుకుంటామా? మంచిపనే చేశావు."

వాడు కోప్పడి, నాలుగు మాటలు అని ఉంటే ఆమె తట్టుకునేది. వాడు మెత్తగా మాట్లాడాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. పొద్దున్నే ఆమె కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి గదిలో లేడు, సంచీ లేదు. దుప్పటి మడతపెట్టి ఉంది. కార్ఖానాలో వాడితో పనిచేసినవాళ్లను అడిగింది. మొహం చంపుకుని మరదలి పుట్టింటికీ వెళ్లింది. ఎవరికీ తెలియదన్నారు. ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్లకు కొత్త బిల్లు వచ్చింది. పన్ను తగ్గింది, రాయితీ వచ్చింది. ఇంట్లో ఉంటున్నవాళ్లు ఇద్దరని అందులో ఉంది. ఒక్కదాన్నే ఉంటున్నానని చెప్పి దిద్దించుకుందామని అక్క ఆఫీసుకు వెళ్లి వరసలో నిలబడింది. వంతు వచ్చింది. ఏం కావాలని వాళ్లు రెండుసార్లు అడిగారు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పన్ను కట్టి ఇంటికి వచ్చేసింది.