మొదటి కాగితం సామిది

ఆ రోజుల్లో ప్రపంచాన్ని కాపాడడం నాకు చాలా సులభమైన పనిలా కనిపించేది. ఇరవై మూడేళ్ల వయసు, మెడలో కొత్త ఐడీ కార్డు, చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆరు నెలల ట్రైనీ ఉద్యోగం. ఇంకేం కావాలి? (పర్మనెంటు కావాలి. పలమనేరులో మా నాయన అప్పటికే నన్ను ఆఫీసరును చేసి వీధంతా చెప్పేశాడు.) ఒకరోజు మేనేజరు పిలిచాడు. గుజ్జు కొనే విదేశీ కంపెనీ తరఫున ఇద్దరు తనిఖీకి వస్తున్నారట, పర్యావరణం సంగతులు అడుగుతారట, మన ప్రింటింగ్ రూములో చూస్తే కాగితం నీళ్లలా ఖర్చవుతోందట. "అది తగ్గించి సూపించు. లేదంటే మీ ఊరికి అరగంటకో బస్సుండాది," అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు వారం పాటు అన్నం సయించలేదు.

ప్రింటింగ్ రూముకు మిషను మామే రాజు. అసలు పేరు జీతాల లిస్టులో ఉండేది, ఎవరూ వాడేవాళ్లు కాదు. ఆయనకు ఒక నియమం ఉంది. ఏ పని మొదలుపెట్టినా, అది గేటు పాసులైనా లీవు ఫారాలైనా, మిషను మీద మొదట కాణిపాకం వినాయకుడి బొమ్మ ఒకటి తీసి, కళ్లకద్దుకుని, ఆ తర్వాతే అసలు పని. "మొదటి కాగితం సామిది, మిగిలినవి కంపెనీవి," అనేవాడు. రోజుకు పదిహేను పనులుంటే పదిహేను వినాయకులు. వాటిని పారేయకూడదు, పాత పేపర్ల వాడికి వేయకూడదు. నేనొకసారి ఆ మాట ఎత్తితే మామ మీదమీదకొచ్చాడు. "రేపు ఎవుడో దాంట్లో బజ్జీలు సుట్టిస్తాడు. నూనె కారే సామిని సూసి నా కండ్లు పోవాలనా?" అలా రెండు అల్మారాల నిండా వినాయకులు చేరారు. అన్నీ ఒక పక్క బొమ్మ, రెండో పక్క తెల్లగా, ఖాళీగా. ఆ ఖాళీ పక్క చూస్తే నా ప్రాణం లాగేసేది.

తనిఖీ రోజు ఉదయం మామ మనవరాలి పుట్టువెంట్రుకలు తీయించడానికి కాణిపాకం వెళ్లాడు, అరపూట సెలవు. నాకు అంతకంటే మంచి ముహూర్తం దొరకదనిపించింది. అల్మారా తీసి ఓ కట్ట లాగి, ఖాళీ పక్క పైకి వచ్చేలా ట్రేలో పెట్టి, ఆ రోజుకు కావలసిన టోకెను చీటీలన్నీ ప్రింటు కొట్టేశాను. చీటీ అంటే పెద్ద కాగితం మీద ఒకే ఒక నంబరు. కాయల ట్రాక్టరు రాగానే వాచ్‌మన్ ఒకటి ఇస్తాడు, వంతు వచ్చినప్పుడు వెనక్కి తీసుకుని గేటు పక్కనున్న ఇనుప చువ్వకు గుచ్చి, బండిని లోపలికి వదులుతాడు. ఒక్క కొత్త కాగితం కూడా వాడలేదని లెక్కేసుకుని, నా భుజం నేనే తట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకు గేటు దగ్గర గోల మొదలైంది. పరుగెత్తి వెళ్లి చూస్తే, తలగుడ్డ చుట్టుకున్న ఒక పెద్దాయన చీటీని గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. "సామిని చువ్వకు గుచ్చుతావా? నీకు సేతులెట్లా ఆడతాయప్పా?" అంటున్నాడు. వాచ్‌మన్ కూడా దేవుడంటే భయమున్నవాడే, కానీ ఉద్యోగమంటే ఇంకాస్త ఎక్కువ భయం. "చీటీ ఇస్తేనే బండి లోపలికి!" అన్నాడు. "ఇచ్చేది లే!" అన్నాడు పెద్దాయన. ఆయన వెనక వాళ్లూ చీటీలు తిప్పి చూసుకున్నారు, కళ్లకద్దుకున్నారు, మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. ఒక్కరూ ఇవ్వలేదు. పది గంటలకల్లా తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాటి నిలిచిపోయాయి. ఎండ మండిపోతోంది, కాయలు మెత్తబడుతున్నాయి, పదకొండుకు తనిఖీ వాళ్లు వస్తారు. దేవుడా! అరగంటకో బస్సు నా కళ్ల ముందు తిరగసాగింది.

అప్పుడు ఆ ట్రాక్టర్ల సందుల్లోంచి నడుచుకుంటూ మిషను మామ వచ్చాడు, మనవరాలితో పాటు తానూ చేయించుకున్న గుండుకు చందనంతో. ఆయనెక్కిన బస్సు కూడా నేను చేసిన ఘనకార్యం వెనకే ఇరుక్కుపోయిందట. ఎవరి చేతిలోనో చీటీ తిప్పి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను చెమటతో పాటు నిజం కూడా కక్కేశాను. తిడతాడనుకుంటే, వాచ్‌మన్ వైపు తిరిగి, "ఈ సీటీలో ఏముండాది?" అన్నాడు.

"నంబరు."

"ఆ నంబరేందో బండి మీదే రాస్తే సాలదా? దానికింత కాగితం యాల?"

స్టోరులో డ్రమ్ముల మీద గుర్తులు పెట్టే చాక్‌పీసులు తెప్పించి, తానే మొదటి ట్రాక్టరు ఇంజిను మీద పెద్దగా ఒకటి అంకె వేశాడు. (దాని పైన వినాయకుడి పేరున పిళ్ళారి గుర్తు వేయడం మాత్రం మానలేదు.) బండి కదిలింది. దాని వెనక ఇంకొకటి. నేను చాక్‌పీసు పట్టుకుని వరసంతా పరుగెత్తాను.

తనిఖీ వాళ్లు దిగేసరికి రోడ్డు ఖాళీ. ఈ అంకెలేమిటని వాళ్లడిగితే మేనేజరు రెప్ప వేయకుండా, "టోకెన్లకు మేము కాగితం మానేశాం," అన్నాడు. వాళ్లు మెచ్చుకుని ఫోటోలు తీసుకున్నారు. అమ్మయ్య! ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో మూడుసార్లు సాంబారు అన్నం తిన్నాను. మామ పక్కన కూర్చుని నా చెవి మెలిపెట్టి, "అల్మారాలో ఊపిరాడని సామిని ఊర్లకు పంపినావు, బతికిపోయినావు పో," అన్నాడు. మర్నాటి నుంచి ఒకే వినాయకుణ్ణి లామినేషను చేయించి మిషను మీద అతికించి, రోజంతా ఆ ఒక్కరికే దండం పెట్టుకునేవాడు. ఆరు నెలలు తిరిగేలోగా నా పర్మనెంటు కాగితం మామే కొట్టి ఇచ్చాడు. రెండు పక్కలా.

ఇప్పుడు నా గది గోడ మీద "ప్రింటు తీసే ముందు ఆలోచించండి" అన్న బోర్డు ఉంది, రాయించింది నేనే. మామ రిటైరయ్యాడు. టోకెన్లు ఫోనుకే వస్తాయి. పోయిన సీజన్లో ఆ తలగుడ్డ పెద్దాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి ఫోను చూపించాడు. "నంబరైతే వచ్చినాది గానీ, ఇందులో సామి లేడేమబ్బా? నువ్విచ్చింది దేవుని గూట్లో పెట్టుకోనుంటి, మొన్న వానకు తడిసిపాయె." నేను దొంగలా అటూ ఇటూ చూసి, బోర్డుకు వీపు తిప్పి, ఒక కొత్త కాగితం మీద వినాయకుణ్ణి తీసి రెండు చేతులా ఇచ్చాను. ఇరవై మూడేళ్ల నేను చూసి ఉంటే, వెనక పక్క ఖాళీగా వదిలేశావే అని బాధపడి ఉండేవాణ్ణి.