పేపర్ దిద్దే సారుకు నేను చేసిన ఘనసన్మానం

అందరూ పరీక్ష హాల్లో ఫెయిలవుతారు. నేను మాత్రం పరీక్ష అయిపోయిన వారానికి, రంగు లైట్ల కింద, పట్టుచీర కట్టుకుని, మైకు చేతిలో పట్టుకుని, నూరు మంది చూస్తుండగా ఫెయిలవడానికి నా శాయశక్తులా కృషి చేశాను. ఇంత శ్రమ పడ్డా సాధించలేకపోయానంటే, ఆ తప్పు నాది కాదు. అదెవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను డిసెంబరులో ఎండాకాలం వచ్చే దేశంలో, హామిల్టన్ అనే ఊళ్లో చదువుకుంటున్నాను. కంప్యూటర్ల డిగ్రీ. ఆఖరి సెమిస్టర్. మా డిపార్ట్‌మెంట్‌తో సంబంధం లేని పేపర్ ఒకటి కచ్చితంగా చదవాలని అక్కడొక నియమం. సీనియర్లు జాబితా చూసి, "ఇందులో లెక్కల్లేవు, ప్రోగ్రామింగ్ లేదు, హాయిగా కథలా రాసేయొచ్చు" అని ఒకదాన్ని వేలితో చూపించారు. పాశ్చాత్య దేశాల్లో చట్టం, రాజ్యం ఎలా ఎదిగాయన్న చరిత్ర. రాజులంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమే. కిరీటాలు, గుర్రాలు, కోటలు ఉంటాయనుకుని సంతకం పెట్టేశాను.

కిరీటాలు ఉన్నాయి గానీ, వాటి పరిస్థితే ఏమీ బాగాలేదు. ఆ పేపరంతా ఒకటే గోల: రాజుగారికి 'కుదరదు' అని ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? రోమ్‌లో జనం చట్టాన్ని పెద్దల నోళ్లలోంచి లాగి పలకల మీద రాయించారట. ఇంగ్లండ్‌లో జమీందార్లు రాజును నది పక్కన పచ్చిక బయల్లో కూర్చోబెట్టి ముద్ర వేయించారట. ఇంకో రాజుగారు నేను చట్టానికి పైన ఉన్నానని పట్టుబడితే తలే తీసేశారట. వందల ఏళ్లు ఇదే పని. నాకు ఆశ్చర్యమేసేది. మా ఊళ్లో ఏ ఆఫీసుకు వెళ్లినా మొదటి నిమిషంలోనే 'కుదరదు' అనేవారు కదా, దానికి ఇంత చరిత్ర ఎందుకని.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో హెడ్మాస్టరు. మా ఇంటి బీరువా పై అరలో కవరు విప్పని శాలువాలు ఎప్పుడూ అరడజను తక్కువ కాకుండా ఉండేవి. స్కూలుకు కొత్త గది కావాలన్నా, బోరు వేయించాలన్నా, సైన్సు టీచరు కావాలన్నా ముందు ఎవరో ఒకరికి శాలువా కప్పేవారు. తనకోసం ఒక్కనాడూ ఏమీ అడగలేదు, ఆ మాట గట్టిగా చెబుతాను. కానీ ఆయన లెక్కలో 'కుదరదు' అంటే 'ఇంకా శాలువా పడలేదు' అని అర్థం. నేను విమానం ఎక్కేటప్పుడు నా పెట్టెలో ఊరగాయల మధ్య రెండు శాలువాలు సర్ది, "అక్కడ కూడా ఉండేది మనుషులే కదమ్మా" అన్నారు.

మాకు ఆ పేపర్ చెప్పిన సారు పేరు గ్రాహం. పొడుగ్గా, సన్నగా, ఒకే స్వెట్టరుతో సంవత్సరమంతా గడిపేసే మనిషి. "నన్ను గ్రాహం అను" అని ఆయన, "అలాగే సర్" అని నేను, సెమిస్టరు పొడుగునా అదే వరస. నా వ్యాసానికి ఆయన డి ఇచ్చారు, అంటే ఫెయిలే. కింద, "వాక్యాలు అందంగా ఉన్నాయి. ఏ ఒక్కటీ నువ్వు నమ్మి రాసినట్టు లేదు" అని రాశారు. నిజమే. మా వైపు కాలేజీల్లో నమ్మి రాయమని ఎవరూ చెప్పరు, పేజీలు నింపమంటారు.

ఇక పరీక్షే నన్ను ఒడ్డున పడేయాలి. ఎందుకంటే నాకు హామిల్టన్‌లోనే ఉద్యోగం ఖాయమైంది. పాడి రైతులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. ఫిబ్రవరిలో చేరాలి. డిగ్రీ చేతికొస్తేనే ఆ ఉద్యోగం, ఆ ఉద్యోగం ఉంటేనే వీసా. ఈ పేపర్ పోతే మూడూ పోయి, నేను తెనాలి బండెక్కాలి.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఒక కాలువ కంపెనీ దావా వేసింది. తీర్పు చెప్పిన పెద్ద జడ్జిగారికి ఆ కంపెనీలోనే వాటాలున్నాయి. ఆయన పక్షపాతం చూపాడని ఎవరూ అనలేదు, అయినా ఆ తీర్పు కొట్టేశారు. ఎందుకు? ఈ పాఠం చెప్పిన రోజున నేను నోట్సులో నెమలి బొమ్మ వేసుకుంటున్నాను. అందుకని గుండె మీద చెయ్యి వేసుకుని, ఈసారి నిజంగా నమ్మి రాశాను. మనసు శుద్ధిగా ఉన్న జడ్జికి వాటాలున్నా, కానుకలందినా తీర్పు చెదరదని, అంతటి పెద్దాయన్ని అనుమానించడం సంస్కారం కాదని రెండున్నర పేజీలు వాదించాను. రాస్తున్నప్పుడు నాకే కళ్లు చెమర్చాయి.

బయటికొచ్చి పుస్తకం తెరిచాక మిగతావన్నీ చెమర్చాయి.

ఫ్లాట్‌లో నాతో ఉండే స్వప్నది కరీంనగర్. నన్ను సుజీ అంటుంది, నా కంటే ఏడాది చిన్నదైనా నా కంటే పదేళ్లు పెద్దదానిలా మాట్లాడుతుంది. అప్పుడు దీపావళి ఫంక్షన్ దగ్గర పడింది. మా తెలుగు స్టూడెంట్లందరం కలిసి ఒక హాలు తీసుకున్నాం. యాంకరింగ్ నాకప్పగించారు. ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలో చెప్పమన్నారు. నా బుర్రలో బీరువా పై అర మెరిసింది.

"గ్రాహం సార్‌ని పిలుద్దాం" అన్నాను.

"నీ పేపర్ దిద్దే సారునా?" అంది స్వప్న.

"ఆయన చరిత్ర పండితుడే. మనకి గౌరవం."

"గౌరవమైతే పిలువు, అన్నం పెట్టు, పంపు. పెట్టెల కెల్లి ఆ శాలువా ఎందుకు తీస్తున్నవ్?"

"సన్మానం చేయకుండా పంపితే మర్యాదగా ఉంటుందా?"

"రిజల్ట్స్ వచ్చినంక చెయ్యి."

"రిజల్ట్స్ వచ్చాక ఎవరైనా చేస్తారే."

"అదే నేను గూడ అంటున్న సుజీ. నాకైతే మంచిగ అనిపిస్తలేదు."

నేను వినలేదు. సూపర్‌మార్కెట్లో చేమంతుల బొకేలు నాలుగు కొని, విప్పి, దండ గుచ్చాను. పన్నెండు లడ్డూలు చుట్టి, ఆయనకివ్వడానికి డబ్బాలో పెట్టాను.

ఆ సాయంత్రం గ్రాహం గారు కొత్త స్వెట్టరు వేసుకుని వచ్చారు. పక్కన వాళ్ల డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ కూడా వచ్చారు. నేను వేదిక మీదికి పిలిచాను. దండ వేయబోతే ఆయన వంగారు, దండ కళ్లజోడుకు తగులుకుంది, జోడు ఊడి దండలో వేలాడింది. ఆ అయోమయంలో ఉండగానే శాలువా కప్పేశాను. ఆయన చలిజ్వరం వచ్చినవాడిలా దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో మైకు కింద పెట్టేసి ఉంటే ఈ కథే లేదు.

కానీ మా నాన్నగారి కూతుర్ని కదా, సన్మాన ప్రసంగం లేకుండా ఎలా? ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆయన జ్ఞానసముద్రుడన్నాను. న్యాయానికి నిలువెత్తు రూపమన్నాను. చివరికి గొంతు కాస్త వణికించి, "నా పరీక్ష పేపర్ కూడా ఇప్పుడు ఈ చల్లని చేతుల్లోనే ఉంది. నా భవిష్యత్తు గురించి నాకిక బెంగ లేదు" అని ముగించాను.

మనవాళ్లంతా విరగబడి నవ్వారు. గ్రాహం గారు నవ్వలేదు. జోడు లేని కళ్లతో హెడ్ మేడమ్ వైపు చూశారు. ఆవిడ లడ్డూ నోటి దాకా తీసుకెళ్లి, మళ్లీ ప్లేటులో పెట్టేశారు.

"అయిపోయింది" అంది స్వప్న, ఫోన్లో వీడియో ఆపుతూ.

సోమవారం ఈమెయిల్ వచ్చింది. చాలా మర్యాదగా ఉంది, అందుకే ఇంకా భయమేసింది. నా ఆతిథ్యానికి కృతజ్ఞతలట. అందుకున్న కానుకలను డిపార్ట్‌మెంట్ రిజిస్టరులో నమోదు చేశారట: శాలువా ఒకటి, పూలదండ ఒకటి, లడ్డూలు పన్నెండు, వాటిలో నాలుగు నమోదుకు ముందే తినడం జరిగింది. ఇకపై నా పేపర్‌ను తాను దిద్దడం సరికాదు కాబట్టి, కారణం రాసి, ఆల్బనీ అనే చోట ఉండే వేరే ప్రొఫెసర్‌కు పంపించారట.

స్వప్న అరగంటలో ఆ ప్రొఫెసర్ చరిత్రంతా కనుక్కొచ్చింది.

"గ్రాహం సారు ఆమె దగ్గరనే సదువుకున్నడంట సుజీ."

"అయితే మంచిదేగా."

"ఆయన్ని గూడ ఒకసారి ఫెయిల్ చేసిందంట."

అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి. నా పేపర్లో, కానుక తీసుకున్న జడ్జి కూడా న్యాయంగా తీర్పు చెప్పగలడని రెండున్నర పేజీలున్నాయి. ఆ పేపర్‌ను ఆవిడ చేతిలో పెట్టిన కవరు మీద, ఈ అమ్మాయి నాకు కానుక ఇచ్చిందని రాసి ఉంది. నా నేరానికి సాక్ష్యం, నా నేరాన్ని సమర్థించే వాదన, రెండూ నా చలవతోనే, ఒకే కవర్లో ఆల్బనీ వెళ్లాయి.

మర్నాడు గ్రాహం గారి గదికి వెళ్లాను. ఆయన కూర్చోమని, టీ పెట్టి ఇచ్చారు. నేను కప్పు ముట్టుకోలేదు.

"దీన్ని కూడా రిజిస్టర్లో రాయాలా సర్?"

"టీ ఇచ్చింది నేను. రాసుకోవాల్సింది నువ్వు" అన్నారు.

"సర్, మా దగ్గర అది గౌరవం. లంచం కాదు. దయచేసి శాలువా వెనక్కి ఇచ్చేయండి, పేపర్ మీరే దిద్దండి."

"గౌరవమని నాకు తెలుసు సుజాతా. తెలుసు కాబట్టే వేదిక మీద తీసుకున్నాను. నాకు తెలుసు, నీకు తెలుసు. మూడో మనిషికి ఎలా తెలుస్తుంది?"

"మీరు అన్యాయం చేయరని అందరికీ తెలుసు."

"కాలువ కంపెనీ జడ్జి కూడా అన్యాయం చేశాడని ఎవరూ అనలేదుగా" అన్నారాయన.

సెమిస్టరంతా ఎక్కనిది ఒక్క క్షణంలో ఎక్కింది.

"చూడు, ఈ నియమం నిన్ను శిక్షించడానికి కాదు" అన్నారు. "నేను నిన్ను పాస్ చేస్తే, శాలువాకి పాసయిందంటారు. ఫెయిల్ చేస్తే, శాలువా వల్ల భయపడి ఫెయిల్ చేశాడంటారు. ఎటు చూసినా ఆ మార్కు నీది కాదు. ఇప్పుడు ఎంతొచ్చినా నీదే."

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. అప్పటిదాకా నా జీవితంలో సీటు వచ్చినా, హాస్టల్లో గది దొరికినా, మార్కులు పెరిగినా, అందులో ఎంత నాది, ఎంత ఎవరో ఒకరు చెప్పిన మాటది అని నాకే తెలిసేది కాదు. ఎంతొచ్చినా నీదే అని నాతో ఎవరూ అనలేదు. ఆ టీ తాగేసి, థాంక్స్ చెప్పి వచ్చాను. శాలువా మాత్రం డిపార్ట్‌మెంట్ ఆస్తిగా వాళ్ల స్టాఫ్ రూములో కుర్చీ మీదే ఉండిపోయింది.

డిసెంబరు దాకా ఆగాలి. అప్పుడు నేను ఒక డెయిరీలో పని చేసేదాన్ని. డెయిరీ అంటే పాల కేంద్రం అనుకునేరు, ఇక్కడ వీధి చివరి కిరాణా కొట్టు. ఎండాకాలం మొదలైంది, ఐస్‌క్రీమ్ కోసం లైను. ఒక పెద్దావిడకు రెండు స్కూపులు పెడుతుండగా ఫోన్ మోగింది. రిజల్ట్. సి ప్లస్. పాస్.

నేను ఆ పెద్దావిడకు నాలుగు స్కూపులు పెట్టేశాను. "ఏదో మంచి వార్త లాగుంది" అందావిడ. పాసయ్యానని చెబితే, వెనక లైనులో ఉన్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. వాళ్లెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకు తెలీదు. ఆ మధ్యాహ్నాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

అడిగితే దిద్దిన పేపర్ చూపిస్తారంటే అడిగాను. మిగతా జవాబులకు బుద్ధిగా మార్కులున్నాయి. కాలువ జడ్జి గురించిన ఆ రెండున్నర పేజీల పక్కన మాత్రం ఆల్బనీ ప్రొఫెసర్ చక్కటి అక్షరాలతో ఇలా రాశారు: "నాకు ఈ అభ్యర్థి నుంచి లడ్డూలు అందలేదు. కనుక ఏ అనుమానానికీ తావు లేకుండా చెప్పగలను, ఈ వాదన పూర్తిగా తప్పు. కానీ నేను ఇన్నేళ్లుగా దిద్దిన పేపర్లలో తను రాసినదాన్ని నిజంగా నమ్మి రాసింది ఈమె ఒక్కర్తే. దానికి సగం మార్కులు."

ఆ సగం మార్కులు లేకపోతే నేను పాసయ్యేదాన్ని కాదు. రెండుసార్లు కూడి చూసుకున్నాను.

వెంటనే గ్రాహం గారికి ఫోన్ చేశాను.

"చాలా థాంక్స్ సర్."

"నాకెందుకు? నేనేమీ చేయలేదే."

"అందుకే సర్."

అవతల ఆయన నవ్వడం వినిపించింది, సెమిస్టరు మొత్తంలో మొదటిసారి.

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: తెనాలి వాస్తవ్యురాలు, ప్రస్తుతం హామిల్టన్ నివాసి అయిన సుజాత అను నేను, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేయుచున్నాను. నా కాగితం ఎవరి బల్ల మీద ఉన్నదో వారికి శాలువా కాదు గదా, దాహమన్నా మంచినీళ్లు కూడా ఇవ్వను. అందువల్ల వారు సొమ్మసిల్లి పడిపోయినచో, ఆ కాగితంతో సంబంధం లేని వేరొకరిని పిలిచి, వారిచేత ఇప్పిస్తాను.