బస్టాండు నుంచి తెచ్చిన గురువుగారు

ఎదుటి మనిషిని "మీ పేరేంటండీ" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లు మిగుల్చుకున్నందుకు నేను పదిమంది సాటి విద్యార్థుల చేత పట్టపగలు నేలకు ముక్కు ఆనించి వాసన చూపించాను. నోరు తెరవలేని మా మేడం చేత గాల్లో చేతులు ఊపించాను. బెంగుళూరు నుంచి వచ్చిన పెద్ద కళాకారుణ్ణి దొడ్డివైపు మెట్ల మీద కూర్చోబెట్టాను. ఇదంతా ఒక్క పూటలో, ఎవరి సాయమూ లేకుండా. చదివాక నన్ను తిట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు. మా వాళ్ళు ఆ పని అప్పుడే పూర్తి చేశారు.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. అమలాపురంలో సునంద మేడం ఒక పాత కొబ్బరి గోడౌన్ అద్దెకు తీసుకుని, అందులో చెక్కల ఫ్లోరు వేయించి కాంటెంపరరీ డాన్సు నేర్పేవారు. ఈ డాన్సేమిటో మా అమ్మకు చెప్పడానికి నాకు వారం పట్టింది. గజ్జెలుండవు, ముద్రలుండవు, సగంసేపు నేల మీద దొర్లుతాం అని చెప్పాను. దొర్లడానికి అమలాపురం దాకా ఎందుకే, మనింట్లో జాగా లేదా అంది. న్యాయమైన ప్రశ్నే.

మా నాన్న హైస్కూల్లో మాస్టారు. ఆయన ప్రశ్నలు వేయలేదు, నేరుగా బీఈడీ అప్లికేషను తెచ్చి నా ఫొటో అతికించి బీరువాలో పెట్టారు. అంతలో బెంగుళూరు నుంచి ప్రకాశ్ గారనే నృత్య దర్శకుడు ఒక్కరోజు క్లాసు తీసుకోవడానికి వస్తున్నారని, మాలో ఒకరిని తన కొత్త ప్రదర్శనలోకి ఎంపిక చేసుకుంటారని మేడం ప్రకటించారు. నాన్నతో ఒప్పందం కుదిరింది. ఎంపికైతే బెంగుళూరు. కాకపోతే బీఈడీ, మళ్ళీ డాన్సు మాట ఎత్తకూడదు. నేను బోర్డు మీద సుద్దముక్క అరగదీస్తూ ముసలిదాన్నైపోయినట్టు ఆ వారమంతా కలలొచ్చాయి.

సరిగ్గా ఆ రోజే మేడం దవడపన్ను తిరగబడింది. పొద్దున్నే పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళుతూ నాకు ఫోన్ చేశారు. పన్ను నొప్పితో మాటలు సగం సగం వచ్చాయి. ప్రకాశ్ గారు పదింటికి బస్టాండులో దిగుతారట. గుండుతో ఉంటారట, వదులు బట్టలేసుకుంటారట, పెద్దగా మాట్లాడరట. ఆయన పద్ధతే అంత, మాటల్లేకుండా నేర్పుతారు. ఆయన ఏం చేస్తే అది చేయాలి, ప్రశ్నలు అడిగితే ఆయనకు నచ్చదు. ఇంకో మాట కూడా చెప్పారు. మన ఫ్లోరుకి చెదలు పట్టాయి కదా, మందు కొట్టే ఆయన రావులపాలెం నుంచి ఈ రోజే వస్తాడు, ఆయన్ని వెనకవైపు నుంచి తీసుకెళ్ళమని వాచ్‌మన్ సత్యం గారికి చెప్పాను అన్నారు.

ఈ రెండో మాట నేను విన్నాను. పట్టించుకోలేదు. చెదలతో నాకేం పని, నాది కళ.

అట్టముక్క మీద స్కూలు పేరు పెద్దక్షరాలతో రాసుకుని స్కూటీ మీద బస్టాండుకి వెళ్ళి నిలబడ్డాను. పదింటికి ఒకాయన దిగారు. గుండు ఉంది. బట్టలు వదులుగా ఉన్నాయి. భుజాన పొడుగాటి సంచి, అందులోంచి ఒక ఇత్తడి గొట్టం తొంగిచూస్తోంది. అదేదో వాయిద్యం అనుకున్నాను. ఆయన నా అట్టముక్క చదివి దగ్గరకొచ్చారు.

"మీరు ఈ స్కూలు వారేనాండీ?"

"ఆయ్, మీ కోసమే వచ్చేనండి."

ఆయన కళ్ళు చెమ్మగిల్లినంత పనైంది. "నా కోసం బండి పంపేరాండీ మేడంగారు? ఇన్నేళ్ళలో ఇలా ఎవరూ పంపలేదండి."

ఎంత నిగర్వి అనుకున్నాను. మీకు అప్పుడే అర్థమైపోయింది. నాకు అర్థం కావడానికి ఇంకా గంటన్నర ఉంది.

అసలు ఇక్కడే పేరు అడగాలి. కానీ మా కోనసీమలో మనిషి ఎదురుపడగానే నువ్వెవరని అడగడమంటే చెంప మీద కొట్టడమే. ముందు ప్రయాణం బాగా జరిగిందా అనాలి. తర్వాత టిఫిను చేశారా అనాలి. నేను మర్యాదకు ఏ లోటూ రానివ్వలేదు. ఆయన కూడా మా మర్యాద మనిషే కాబట్టి అన్నిటికీ ఒకటే జవాబు, "ఆయ్". దారిలో బొండం కొట్టించి ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ముందు మీ ఫ్లోరు చూడాలండి. తర్వాతే ఏదైనా."

నాకు ఒళ్ళు పులకరించింది. గొప్పవాళ్ళు ఇలా ఉంటారు, ముందు నేలను గౌరవిస్తారు. బెంగుళూరు మనిషి గోదావరి యాస ఇంత చక్కగా మాట్లాడుతున్నారేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. మన మీద గౌరవంతో నేర్చుకుని వచ్చారని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. అలాంటి సమాధానాలు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

ముందు గేటు నుంచి దర్జాగా తీసుకెళ్ళాను. నా స్కూటీ వెనక ఉన్నారు కాబట్టి ఈయనే బెంగుళూరు ఆయన అనుకుని సత్యం గారు లేచి సలాం కొట్టారు. లోపల పదిమంది వరసగా నిలబడి ఉన్నారు. నేను వాళ్ళ చెవుల్లో రహస్యంగా చెప్పాను: మాటలుండవు, ఆయన ఏం చేస్తే అది.

ఆయన చెప్పులు విప్పి, గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చారు. పదకొండు మందిమీ పీల్చాం. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కకు ముక్కు ఆనించి వాసన చూశారు. మేమూ చూశాం. వేలి కణుపుతో టక్ టక్ మని కొట్టి, నేలకు చెవి ఆనించారు. మేమూ కొట్టి ఆనించాం. పదకొండు మంది టకటకల్లో ఆయనకేం వినపడుతుంది పాపం. తలెత్తి మా వైపు చూసి, "కాస్త ఆగండి" అన్నారు. రాళ్ళలా ఆగిపోయాం. ఆయన భయపడ్డారని తర్వాత తెలిసింది. డాన్సు వాళ్ళ ఆచారం ఇలాగే ఉంటుందేమో, అడిగితే బాగుండదని ఆయనా ఊరుకున్నారట. రెండు వైపులా మర్యాదే.

నా లక్ష్యం వేరు. ఎంపిక కావాలి. అందుకని ఆయన పక్కనే చోటు సంపాదించి, ఒక్క కదలిక కూడా వదలకుండా అనుకరించాను. ఆయన మెడ గోక్కుంటే గోక్కున్నాను. ఆయన ప్యాంటు పైకి లాక్కుంటే లేని ప్యాంటు పైకి లాక్కున్నాను, నేను వేసుకున్నది చుడీదారు. ఆయన మూల వైపు పాకితే నేను మోచేతులు ఆయన కంటే బాగా వంచి పాకాను. ఆయన సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి చెక్కలో గుచ్చారు. నేను జడలోంచి పిన్ను తీసి గుచ్చాను. ఆయన పొడిని వేళ్ళతో నలిపి, బాధగా తల ఊపారు. నేనూ నలిపి తల ఊపాను, కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాను. వెనక నుంచి ఎవరో నన్ను చూసి ఓవరాక్షన్ అని గొణిగారు. కుళ్ళుబోతు మాటలని వదిలేశాను.

అప్పుడు మేడం వచ్చారు. ఎడమ బుగ్గ జామకాయలా ఉబ్బి ఉంది, నోటినిండా దూది. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూశారు. పదకొండు మంది శిష్యులు పిరుదులు పైకెత్తి, ఒక చెవి నేలకు ఆనించి ఉన్నారు. మేడం రెండు చేతులూ గాల్లో ఊపారు. కొత్త పాఠం మొదలైందనుకుని మేమూ లేచి ఊపాం. ఆవిడ తల పట్టుకున్నారు. మేమూ పట్టుకున్నాం. ఆవిడ కాలు నేలకేసి కొట్టారు. పదకొండు కాళ్ళు ధబాలున పడ్డాయి, చెదలు తిన్న చెక్క ఒకటి ఫట్టుమంది. మేడం గోడకు జారబడి, ఫోన్ తీసి, ఏదో టైపు చేసి నా ముఖం ముందు పెట్టారు. నేను అందరికీ వినపడేలా, భావయుక్తంగా చదివాను.

"ఈయన చెదల మందాయన."

ఆయన లేచి, వినయంగా చేతులు కట్టుకున్నారు.

"ఆయ్, నేనేనండి. మొదట్నుంచీ నేనేనండి."

ఆయన పేరు నూకరాజు గారట. ఆ పేరు తెలుసుకోవడానికి నాకు మొత్తం గంటన్నర పట్టింది.

మరి ప్రకాశ్ గారేరీ? బస్టాండులో ఎవరూ కనపడక, ఆటో ఎక్కి తానే వచ్చేశారు. ఫ్లోరు మీద పనుంది, మేడం రమ్మన్నారని సత్యం గారితో అన్నారట. మందేదండీ అని సత్యం గారు అడిగారట. లోపల బెంగుళూరు ఆయన క్లాసు జరుగుతోంది, అయ్యేదాకా వెనక మెట్ల మీద కూర్చోండి అని టీ కూడా ఇప్పించారట. తన క్లాసు తనకంటే ముందే మొదలైందని విన్న ఆ పెద్దమనిషి, అదేమిటో చూద్దామని వెనక కిటికీ దగ్గర నిలబడి మొత్తం చూశారు. ఇప్పుడు ఆయన లోపలికి వస్తుంటే నాకు బీరువాలోని అప్లికేషను కళ్ళ ముందు కనపడింది. ఏడుపొచ్చింది, ఈసారి నిజంగానే.

ఆయన మా ఎవరి వైపూ చూడలేదు. నేరుగా నూకరాజు గారి దగ్గరకెళ్ళి నమస్కారం పెట్టారు. నేలను అలా వినే మనిషిని నేనెక్కడా చూడలేదు, నేల కింది ప్రాణుల మీద చేస్తున్న నా ప్రదర్శనకు మీరు కావాలి, బెంగుళూరు వస్తారా అని అడిగారు. అంటే ఎంపిక అయిపోయింది. నేను ఆరు నెలలు మోకాళ్ళు దోక్కుపోయేలా సాధన చేసి ఆశపడ్డ చోటు, నేనే బండెక్కించుకుని, బొండం తాగించి తెచ్చిన మనిషికి దక్కింది.

నూకరాజు గారు చాలా నొచ్చుకున్నారు. "ఎల్లుండి కొత్తపేటలో రెండిళ్ళు ఒప్పుకున్నానండి. వాళ్ళ దూలాలు ఆగవండి. ఏమనుకోకండి."

ప్రకాశ్ గారు నిట్టూర్చి మా వైపు తిరిగారు. "ఈయన చేసినట్టు మీలో ఎవరు చేయగలరు?"

పదిమందీ ఒక్కసారే నన్ను చూపించారు. అది మెచ్చుకోలు కాదు, నేరస్తురాలిని పట్టివ్వడం. ప్రకాశ్ గారు మాత్రం తల ఊపి, పిన్నుతో గుచ్చిన అమ్మాయి కదా అన్నారు.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. ఎంపికయ్యానని చెప్పాను. ఏం పాత్ర అని అడిగారు. అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది గానీ చెప్పలేకపోయాను.

"చెదపురుగు నాన్నా."

నాన్న గొంతు సవరించుకుని, "రాణి చెదా, కూలి చెదా?" అన్నారు.

"కూలి చెద నాన్నా."

"పోన్లే," అన్నారు, "ఉద్యోగమే కదా."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, ఇప్పటికీ నల్లగా ఉన్న నా రెండు మోకాళ్ళ మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత పెద్దవారు ఎదురైనా ముందు పేరు, తర్వాత ఊరు, ఆపైన వృత్తి అడిగి, గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాకే ప్రయాణం బాగా జరిగిందా అంటాను. మర్యాద తెలియని పిల్లని ఊరంతా అనుకోనీండి. పడతాను.