కొక్కెం లేని తలుపు

ఏ ఆఫీసు బాత్రూంలోకి వెళ్లినా సులోచన ముందు చూసేది తలుపు వెనక్కే. అక్కడ కొక్కెం ఉండదు. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాగు మెడకు తగిలించుకుని, చున్నీ నడుముకు చుట్టుకుని, టిఫిన్ సంచిని పళ్లతో కరిచిపట్టుకుంటుంది. అయినా తిట్లు ఆగవు. "ఒక్క కొక్కెం కొట్టేదానికి చేతులు పడిపోయినాయా వీళ్లకు!" ప్రొద్దుటూరు వదిలి ఇరవై ఏళ్లయినా ఆమె కోపానికి ఇంకా ఆ ఊరి యాసే.

ఈమధ్య వాళ్ల కంపెనీ గచ్చిబౌలిలో కొత్త భవనంలోకి మారింది. భవనం బాగోగులు చూసే దినేష్ మొదటిరోజు అందరినీ వెంటబెట్టుకుని తిప్పాడు. చెయ్యి చాపితే నీళ్లొచ్చే కుళాయిలు, వాటంతటవే సువాసన చిమ్మే డబ్బాలు, మనిషి కదిలితే వెలిగి కదలకపోతే ఆరిపోయే లైట్లు, అన్నీ మురిసిపోతూ చూపించాడు. సులోచన ఆడవాళ్ల బాత్రూంలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగా బయటికొచ్చింది.

"సంచి యాడ తగిలించాల?"

"జర కింద పెట్టుకోండ్రి మేడం" అన్నాడు దినేష్ నవ్వుతూ.

"కింద నీళ్లుండాయి."

"గట్లయితే యాప్‌ల ఫీడ్‌బ్యాక్ ఇయ్యుండ్రి."

సులోచన బ్యాగు తీసి అతని మెడలో వేసింది. టిఫిన్ సంచి మణికట్టుకు తగిలించింది. చున్నీ భుజం మీద పడేసింది.

"నేనొచ్చేదాకా కదలొద్దు" అని లోపలికి వెళ్లి దబ్బున తలుపు వేసుకుంది.

దినేష్ నిజంగానే కదల్లేదు. కాసేపటికి అతని నెత్తిమీది లైటు ఆరిపోయింది.